తిరగేసి గుణించే ముందు
భిన్నాల భాగహారంలో పద సమస్యలు: ఒక విమర్శ

భిన్నాల సంకలనం, వ్యవకలనం, గుణకారం గురించి ముందు పాఠాల్లో చదివారు. భాగహారం సూత్రం కూడా మీలో చాలామందికి బడిలోనే వచ్చి ఉంటుంది: భాజకాన్ని తిరగేసి గుణించాలి. ఆ సూత్రాన్ని మళ్ళీ నేర్పడానికి ఈ పాఠం రాయలేదు. సూత్రం చుట్టూ మనం అల్లే పద సమస్యలను, అంటే పల్లెల్లో 'రాత లెక్కలు' అనేవాటిని, విమర్శ దృష్టితో చదవడం ఎలాగో చూపడానికి రాశాను. కథను, పద్యాన్ని విమర్శించినట్టే లెక్కనూ విమర్శించవచ్చు. ఆ లెక్కలో వాక్యం ఏం అడుగుతోంది, అడగదలచుకున్నదే అడుగుతోందా, వచ్చిన జవాబు ఆ వస్తువుకు పొసగుతుందా అన్నవి అందులో ముఖ్యమైన ప్రశ్నలు.

విమర్శను నా లెక్కతోనే మొదలుపెడతాను. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో దూరవిద్య విద్యార్థులకు ఒక అసైన్‌మెంటు తయారు చేశాను. అందులో ఒక ప్రశ్న ఇది:

"ఒక పడవలో 4½ లీటర్ల డీజిల్ ఉంది. ఇంజను గంటకు ¾ లీటరు తాగుతుంది. ఆ పడవ ఎంతసేపు వేటకు వెళ్ళగలదు?"

4½ ÷ ¾ చేస్తే 6 వస్తుంది. ఆరు గంటలు అన్నది నేను రాసుకున్న జవాబు. కోస్తా విద్యార్థులు కాబట్టి పడవ పెడితే బాగుంటుందనుకున్నాను. తరగతి గదిని సముద్రం దాకా తీసుకెళ్ళానని కొంచెం గర్వపడ్డాను కూడా.

భావనపాడు నుంచి చదువుతున్న ఒక విద్యార్థి 'మూడు గంటలు' అని రాశాడు. భాగహారం తప్పు చేయలేదు. 6 వచ్చిందని చూపించి, దాని కింద 'పోను 3, రాను 3' అని రాసి, జవాబు 3 అన్నాడు. నేను ఎర్రసిరాతో కొట్టేసి సగం మార్కులు కోశాను. తర్వాత సంపర్క తరగతిలో అతను లేచి అడిగాడు: "సార్, ఆరు గంటలూ లోపలికే పోతే తిరిగి రాడానికి ఆయిలేదండీ?" తరగతంతా నవ్వింది. నేనూ నవ్వి, "లెక్కలో ఆ మాట లేదుగా నాయనా" అన్నాను. లెక్కలో ఆ మాట లేకపోవడమే లోపమని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. మార్కుల జాబితా అప్పటికే పంపేశాను. దాన్ని సవరించలేదు.

ఇక్కడ తప్పు ఎవరిదో జాగ్రత్తగా చూడండి. 'ఇంజను ఎన్ని గంటలు నడుస్తుంది?' అని అడిగి ఉంటే 6 సరైన జవాబు. నేను 'ఎంతసేపు వేటకు వెళ్ళగలదు' అన్నాను. వేటకు వెళ్ళడమంటే వెళ్ళి రావడమని సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు. అతను ప్రశ్నను చదివాడు. మిగిలిన వాళ్ళు ప్రశ్నలోని రెండు అంకెలను చదివారు. వాళ్ళందరికీ పూర్తి మార్కులు ఇచ్చాను.

పద సమస్యలతో వచ్చే పెద్ద చిక్కు ఇదే. 'భాగహారం' అన్న శీర్షిక కింద ఉన్న లెక్కలో రెండు అంకెలు కనిపిస్తే భాగిస్తాం. 'గుణకారం' కింద ఉంటే గుణిస్తాం. మధ్యలో ఉన్న మాటలు చదివినా చదవకపోయినా జవాబు ఒకటే. అలాంటి లెక్కలో మాటలు వట్టి పొట్టు.

భాగించడం అంటే ఏం అడిగినట్టు?

మీరు ఒక కాగితం తీసుకుని, 1¾ ÷ ½ అన్నదానికి తగిన ఒక కథ రాయండి. లెక్క చేయవద్దు, కథ మాత్రమే రాయండి. రాసిన తర్వాతే కిందికి చదవండి.

ఇది నేను కల్పించిన పరీక్ష కాదు. లిపింగ్ మా అనే పరిశోధకురాలు 1999లో వచ్చిన తన పుస్తకంలో చైనా, అమెరికా ప్రాథమిక ఉపాధ్యాయులను పోల్చినప్పుడు అడిగిన ప్రశ్నల్లో ఇదొకటి. చైనా ఉపాధ్యాయులు 72 మందీ లెక్కను సరిగ్గా చేశారు. వాళ్ళలో అత్యధికులు తగిన కథ కూడా చెప్పారు. అమెరికా ఉపాధ్యాయులు 23 మందిలో లెక్క సరిగ్గా ముగించినవాళ్ళు సగం కంటే తక్కువ. తగిన కథ చెప్పగలిగింది ఒక్కరు. ఆ ఒక్క కథలోనూ జవాబు 'మూడున్నర మంది పిల్లలు' అని వచ్చింది. ఈ అంకెలను అమెరికాను చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు. సంపర్క తరగతుల్లో ఇదే ప్రశ్న నేను మన విద్యార్థులను చాలాసార్లు అడిగాను. ఎక్కువమంది రాసే కథ ఇలా ఉంటుంది: 'ఒకటిన్నర పావు బెల్లం ఉంది, ఇద్దరికి సమానంగా పంచారు, తలా ఎంత?' ఇందులో రెండు పొరపాట్లు ఉన్నాయి. 1¾ని ఒకటిన్నర పావు అనకూడదు, ఒకటీ ముప్పావు అనాలి. అది చిన్న పొరపాటు. పెద్దది ఏమిటంటే, ఇద్దరికి పంచడం 2తో భాగించడం అవుతుంది గాని, ½తో భాగించడం కాదు.

ఈ పొరపాటుకు మన మాట కూడా కొంత కారణం. భాగించడమంటే భాగాలు చేయడం. 'అరతో భాగించు' అని వినగానే చెవికి 'సగం చెయ్యి' అని వినిపిస్తుంది. చేయి సగం చేసేస్తుంది. భాగిస్తే సంఖ్య తగ్గి తీరాలన్న నమ్మకం చిన్న తరగతుల నుంచి ఉన్నదే. కాబట్టి మూడున్నర వస్తే విద్యార్థి బెదిరిపోయి, ముప్పావు పైచిలుకు ఏదో రాసి ఊపిరి పీల్చుకుంటాడు.

అయితే చిక్కు పెట్టిన తెలుగే దారీ చూపిస్తుంది. మనకు '-ఏసి' అనే ప్రత్యయం ఉంది. రెండేసి, మూడేసి, అరేసి, పావేసి. 'పిల్లలకి రెండేసి లడ్లు ఇస్తే ఎంతమందికి వస్తాయి?' అని ఎవరైనా అడిగితే, ఏం చేయాలో బడికి వెళ్ళని వాళ్ళకూ తెలుసు. 'అర లీటరేసి పోస్తే ఎన్ని సీసాలు నిండుతాయి?' అన్నది సరిగ్గా అదే ప్రశ్న. ఇందులో ½తో భాగించడం ఉంది. భాగాలు చేయడమన్న ఊసు లేదు. ఉన్నది కొలిచి పోయడం. ఎన్నిసార్లు కొలిచామన్నదే భాగఫలం. కొలిచే పాత్ర చిన్నదైన కొద్దీ ఎక్కువసార్లు కొలవాలి కాబట్టి భాగఫలం పెరిగితే ఆశ్చర్యపడవలసింది లేదు. దీన్ని 'కొలత భాగహారం' అందాం.

మా తరం వాళ్ళు ఈ లెక్కను ఇంట్లోనే చూశారు. మన వైపు బియ్యం కొలతలు చాలాకాలం ఇలా నడిచాయి: నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. కుంచంలో సోల పదహారో వంతు, అంటే వీసం. 1956 నాటి తూనికలు, కొలతల చట్టం తర్వాత మెట్రిక్ పద్ధతి వచ్చి ఇవన్నీ అంగడి నుంచి వెళ్ళిపోయినా, అటకల మీద కుంచాలు చాలాకాలం ఉన్నాయి. ఇప్పుడు 1¾ ÷ ½ చూడండి. ఒకటీ ముప్పావు మానికల బియ్యం ఉన్నాయి. తవ్వేసి కొలిస్తే ఎన్ని తవ్వలు? తవ్వ అంటే అర మానిక. మానికకు నాలుగు సోలలు కాబట్టి, ఒకటీ ముప్పావు మానిక అంటే ఏడు సోలలు. తవ్వ అంటే రెండు సోలలు. ఏడులో రెండేసి చొప్పున మూడు పోతే ఒకటి మిగిలింది. ఆ ఒక సోల అర తవ్వ. జవాబు మూడున్నర తవ్వలు.

ఎక్కడా తిరగేయలేదు, గుణించలేదు. రెండు భిన్నాలనూ సోలల్లోకి దించి మామూలు భాగహారం చేశాం. హారాలను సమానం చేసి లవాలను భాగించడమంటే ఇదే. తెలుగు భిన్నాలన్నీ ఇలా నాలుగేసి భాగాలుగా దిగేవే: పావు, పావులో పావు వీసం, దాని కింద కాని. పాత తెలుగు లిపిలో ఈ మెట్లకు వేరే అంకెలు కూడా ఉండేవి. ఒక్క మాట: మూడున్నర తవ్వలు అంటే అర్థం ఉంది, మూడున్నర మంది పిల్లలు అంటే లేదు. పద సమస్య రాసేవారు వస్తువును ఎంచుకునేటప్పుడు అది సగం అవుతుందా లేదా అని ముందే చూసుకోవాలి.

మిగిలింది ఎంత?

కొలత భాగహారంలో అందరూ జారిపడే చోటు ఒకటుంది. పడవలో 4½ లీటర్లకు బదులు 5 లీటర్లు ఉన్నాయనుకుందాం. ఇంజను నడిచేది ఎంతసేపు? ముప్పావేసి తీస్తూ పోతే ఆరుసార్లకు 4½ లీటర్లు అయిపోయాయి. అర లీటరు మిగిలింది. కాబట్టి 'ఆరున్నర గంటలు' అని రాసేవాళ్ళు చాలామంది. సూత్రం ప్రకారం చేస్తే 5 × 4/3 = 20/3, అంటే ఆరూ మూడింట రెండు వంతుల గంటలు, 6⅔. ఏది సరి?

అర లీటరు మిగిలిన మాట నిజమే. కాని మనం లీటర్లను లెక్కపెట్టడం లేదు, గంటలను లెక్కపెడుతున్నాం. గంటకు కావలసింది ముప్పావు, అంటే మూడు పావులు. మిగిలింది అర, అంటే రెండు పావులు. మూడింట రెండు వంతుల గంట, నలభై నిమిషాలు. ఆరున్నర అన్నవాడు శేషాన్ని లీటర్లలో చూసి గంటల్లో రాశాడు. సూత్రంతో చేసినవాడికి జవాబు సరిగ్గా వస్తుంది. కాని ఆ 2/3 ఏమిటి, దేనిలో 2/3 అని అడిగితే వాడూ చెప్పలేకపోవచ్చు. ఈ రెండో స్థితి మొదటిదానికంటే ప్రమాదమని నేనంటాను. మొదటివాడి తప్పు కాగితం మీద కనిపిస్తుంది, సరిదిద్దవచ్చు. రెండోవాడికి పూర్తి మార్కులు వస్తాయి.

నాకు కనిపించిన చాలా పాఠ్యపుస్తకాల్లో ఈ రకం లెక్కల జవాబులు పూర్ణ సంఖ్యలుగా వచ్చేటట్టు అంకెలను ముందే అమర్చుతారు. తాడు సరిగ్గా తెగుతుంది, గుడ్డ సరిగ్గా సరిపోతుంది, సీసాలు అంచు దాకా నిండుతాయి. మొదటి రెండు లెక్కలకు అది మంచిదే. పది లెక్కలూ అలాగే ఉంటే, శేషం అర్థమేమిటన్న ప్రశ్న విద్యార్థికి ఎదురే కాదు.

ఎండు నెత్తళ్ళ బేరం

పదవీ విరమణ తర్వాత ఒకసారి భావనపాడు వెళ్ళాను. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న చేపల రేవు అది. నౌపడ ఉప్పు మడులు దగ్గర్లోనే ఉన్నాయి. ఉప్పూ చేపా పక్కపక్కనే దొరికే చోట ఎండుచేపల వ్యాపారం ఉండక తప్పదు. ఆ విద్యార్థిని కలుద్దామనే వెళ్ళాను గాని, అతను ఊళ్ళో లేడు.

ఒడ్డున ఒకామె ఎండు నెత్తళ్ళు అమ్ముతోంది. నాకు ముందున్నతను గంపలో మిగిలినదంతా తూయించుకున్నాడు. ముప్పావు కిలో తూగింది. నూట ఎనభైకి బేరం కుదిరింది. నాకు పాఠం చెప్పే బుద్ధి పోలేదు. "అయితే కేజీ ఎంతకిచ్చినట్టమ్మా?" అని అడిగాను. ఆమె గంప దులుపుతూనే చెప్పింది: "ముప్పావు నూటెనభై అయితే పావు అరవై. కేజీకి నాలుగు పావులు గదా బావూ, రెండొందల నలభై."

దీన్ని గణిత భాషలో రాయండి. 180 ÷ ¾. ఆమె ముందు 180ని 3తో భాగించింది, తర్వాత 4తో గుణించింది. 3తో భాగించి 4తో గుణించడమంటే 4/3తో గుణించడమే. మనం బడిలో కారణం అడగకుండా మింగిన 'తిరగేసి గుణించు' సూత్రానికి కారణం ఆ మూడు మాటల్లో ఉంది. ముప్పావు అనే పేరులోనే మూడు పావులు ఉన్నాయి. లవం 3 ఎందుకు భాగించాలో, హారం 4 ఎందుకు గుణించాలో ఆ పేరే చెబుతుంది. 'మూడు బై నాలుగు' అని చదివే పిల్లవాడికి ఈ సాయం అందదు. వాడికి వినిపించేది రెండు అంకెలూ మధ్యలో ఒక గీతా.

గమనించండి, ఇది కొలత భాగహారం కాదు. 'నూట ఎనభై రూపాయల్లో ముప్పావు కిలోలు ఎన్ని ఉన్నాయి?' అంటే అర్థం లేదు. ఇక్కడ ప్రశ్న వేరు: భాగం తెలుసు, ఆ భాగం పూర్ణంలో ఎన్నో వంతో తెలుసు, పూర్ణం ఎంత? గంప ముప్పావు వంతు నిండడానికి ఆరు కిలోలు పట్టింది, నిండా ఎంత పడుతుంది? 6 ÷ ¾ = 8 కిలోలు. దీన్ని 'పూర్ణం వెతికే భాగహారం' అందాం. మన పాత గణితంలో త్రైరాశికం కింద వచ్చే లెక్క ఇది: ఇంతకి ఇంతైతే, ఒకటికి ఎంత?

కొలత అర్థం నుంచి మొదలుపెట్టినా సూత్రం అదే వస్తుంది, దారి మాత్రం వేరు. ఒక లీటరులో ముప్పావులు ఎన్ని? ఒకటి పోతే పావు మిగిలింది. పావు ముప్పావులో మూడో వంతు. కాబట్టి ఒకటీ మూడో వంతు, అంటే 4/3. ఒక లీటరులో 4/3 ఉంటే, ఐదు లీటర్లలో 5 × 4/3. తిరగేసిన భిన్నం ఎక్కడి నుంచి ఊడిపడిందో ఇప్పుడు కనిపిస్తుంది: ఒకటిలో భాజకం ఎన్నిసార్లు ఉందో చెప్పే సంఖ్య అది.

పుస్తకాల్లో ఎక్కువ లెక్కలు మొదటి రకంవే. ముక్కలు కోయడం, సీసాలు నింపడం. రెండో రకం తక్కువ. కాని అంగట్లో, వాటాల దగ్గర మనిషికి ఎదురయ్యేది ఎక్కువగా రెండో రకమే. పడవ వాటాలో మూడో వంతుకి ఇంత వచ్చిందంటే మొత్తం వేట ఎంతకు పోయిందో లెక్క కట్టేవాళ్ళు ఆ రేవులో రోజూ ఉంటారు. పాఠం రాసేవాళ్ళకు ఈ తేడా తెలియదని కాదు. కోసే లెక్క రాయడం తేలిక, బొమ్మ గీయడం తేలిక, అందుకని అదే రాస్తాం. నేనూ అదే చేశాను.

తుమ్మెదలు, తెలుగు పద్యాలు

సూత్రం మనకు కొత్తది కాదు. బ్రహ్మగుప్తుడు 628లో బ్రహ్మస్ఫుట సిద్ధాంతంలో భాజకం లవహారాలను తారుమారు చేసి గుణించమని చెప్పాడు. తొమ్మిదో శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో, 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో అదే చెప్పారు. వాళ్ళు సూత్రంతో ఆగలేదు. సూత్రం వెంట లెక్కను పద్యంగా అల్లారు. పద సమస్యను సాహిత్య రూపంగా చూడాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

లీలావతిలోని తుమ్మెదల లెక్కను తీసుకోండి. తుమ్మెదల గుంపులో ఐదో వంతు కదంబం మీద, మూడో వంతు శిలీంధ్రం మీద వాలాయి. ఆ రెంటి తేడాకు మూడు రెట్లు కుటజం మీదికి వెళ్ళాయి. ఒక్క తుమ్మెద మిగిలి, రెండు పూల వాసనల మధ్య ఎటూ తేల్చుకోలేక గాలిలో తిరుగుతోంది. మొత్తం ఎన్ని? 1/5, 1/3, 6/15 కలిపితే 14/15. మిగిలింది 1/15. ఆ పదిహేనో వంతే ఒక తుమ్మెద. చివరి మెట్టు 1 ÷ 1/15 = 15. ఎండు నెత్తళ్ళ బేరంలాగే ఇదీ పూర్ణం వెతికే భాగహారం.

ఈ లెక్కలో నాకు నచ్చేది వర్ణన కాదు. వర్ణనలో ఏ మాటా లెక్కకు అడ్డు రాదు. 'గుంపులో ఐదో వంతు' అన్నప్పుడు దేనిలో ఐదో వంతో అనుమానం లేదు. తుమ్మెదలు మూడు, ఐదు, ఆరు, ఒకటిగా విడతాయి గాని ముక్కలు కావు. మిగిలిన ఒక్క తుమ్మెద కవిత్వానికీ కేంద్రమే, లెక్కకూ కీలకమే. నా పడవ ఆ పని చేయలేదు. పడవను తీసేసి ట్రాక్టరు పెట్టినా లెక్కకు ఏమీ కాదు. అదే ట్రాక్టరు పెట్టి ఉంటే ఆ విద్యార్థి మార్కులు పోయేవి కావు.

అయితే లీలావతిని తలకెత్తుకుని ఇప్పటి పుస్తకాలను తిట్టడం కూడా సరికాదు. తుమ్మెదలను ఎవరూ లెక్కపెట్టనక్కర లేదు. ఆ లెక్కలో ఎవరి అవసరమూ లేదు. చదివేవాడి సరదా ఒక్కటే ఉంది. బుర్రకు పదును పెట్టడం ఆ పద్యం పని. బతుకులో ఎదురైన ప్రశ్నను లెక్కగా మార్చుకోవడం నేర్పడం ఇప్పటి పాఠ్యపుస్తకం పని. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం గణిత బోధన ఆశయంగా పిల్లల ఆలోచనను గణితీకరించడాన్ని ముందు పెట్టింది కూడా అందుకే.

మహావీరుని గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఆయనను రాజరాజనరేంద్రుని కాలానికి చేర్చి చెప్పే సంప్రదాయం ఉంది. ఆయన మూలాన్ని మక్కీకి మక్కీ దించలేదు. కొంత వదిలేశాడు, ఉదాహరణలను తనవిగా మార్చుకున్నాడు. తెలుగులో గణితం అనువాదంతో మొదలైంది గాని, మూలం వాక్యాన్ని పట్టుకుని వేలాడే అనువాదంతో మొదలుకాలేదు. ఇది ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పటి మన లెక్కల తెలుగు ఆ రెండో రకంలో పడింది కాబట్టి. నమూనాగా ఒక వాక్యం రాస్తాను. ఏ పుస్తకం నుంచీ తీసుకోలేదు గాని, మీకు పరిచయమైన గొంతే:

"12 మీటర్ల పొడవు గల ఒక తాడు నుండి, ప్రతి ఒక్కటి 3/4 మీటరు పొడవు కలిగి ఉండునట్లు ఎన్ని ముక్కలను కత్తిరించవచ్చును?"

దీన్నే ఇలా రాయవచ్చు:

"12 మీటర్ల తాడుంది. ముప్పావు మీటరేసి ముక్కలు కోస్తే ఎన్ని వస్తాయి?"

జవాబు రెండింటికీ 16. రెండో వాక్యం చిన్నది కాబట్టి మేలని నేననడం లేదు. మొదటిదానిలో 'ప్రతి ఒక్కటి', 'కలిగి ఉండునట్లు' అన్నవి పరాయి వాక్యం అవసరం కోసం వచ్చినవి. రెండోదానిలో '-ఏసి' ఒక్కటే ఆ పని చేసింది. పైగా చేయవలసిన క్రియ ఏదో కూడా చెప్పేసింది. గణితం రాని పిల్లవాడని మనం అనుకునేవాళ్ళలో కొందరు మొదటి వాక్యం దగ్గర ఆగిపోయినవాళ్ళు. వాళ్ళు ఎంతమందో మూల్యాంకనంలో తేలదు. జవాబు పత్రం మీద రెండు రకాల వైఫల్యాలూ ఒకే సున్నాగా కనిపిస్తాయి.

ఒక అభ్యంతరాన్ని మీరు లేవనెత్తవచ్చు. వాడుక మాటలు పెడితే లెక్క మరీ తేలికైపోదా? '-ఏసి' చూడగానే భాగించెయ్యమని కొత్త గుర్తు ఇచ్చినట్టు కాదా? నిజమే. 'ముప్పావేసి ఎనిమిదిమందికి ఇస్తే ఎంత కావాలి?' అన్నప్పుడు అదే '-ఏసి' గుణకారాన్ని అడుగుతుంది. అందుకే రెండు రకాల వాక్యాలూ పక్కపక్కన, శీర్షిక లేకుండా ఇవ్వాలి. 2011 జూన్ 30 నుంచి పావలా నాణెం చెల్లుబాటు పోయింది గాని, పావలా వడ్డీ అన్న మాట డ్వాక్రా సంఘాల్లో నిలిచింది. నూటికి నెలకు పావలా అయితే ఏడాదికి మూడు రూపాయలు అన్నది గుణకారం. నూటికి మూడు రూపాయలు కట్టాను, ఎన్ని నెలల వడ్డీ తీరింది అన్నది 3 ÷ ¼. సంఘం పుస్తకం రాసే మహిళ రెండు లెక్కలూ వేస్తుంది, ఏది ఎప్పుడో ఆమెకు ఎవరూ చెప్పరు.

అభ్యాసం

నా పాత ప్రశ్నను ఇప్పుడు ఇలా తిరగరాశాను:

"ఒక పడవలో 4½ లీటర్ల డీజిల్ ఉంది. నడిచేటప్పుడు ఇంజను గంటకు ¾ లీటరు చొప్పున తాగుతుంది. వల వేసి ఉన్నంతసేపు ఇంజను ఆపేస్తారు. పోవడానికి ఎంతసేపు పడితే రావడానికీ అంతే పడుతుంది. ఒడ్డు నుంచి ఎన్ని గంటల దూరం వరకు వెళ్ళి తిరిగి రావచ్చు? ఏ అవసరం వస్తుందోనని ¾ లీటరు ముట్టుకోకుండా ఉంచాలంటే ఎన్ని గంటల దూరం?"

(అ) రెండు జవాబులూ కనుక్కోండి. ప్రతి మెట్టులో వచ్చిన సంఖ్య లీటర్లా, గంటలా అన్నది పక్కన రాయండి.

(ఆ) ఇది కొలత భాగహారమా, పూర్ణం వెతికే భాగహారమా? ఇదే పడవ మీద రెండో రకం ప్రశ్న ఒకటి రాయండి.

(ఇ) మీరు మొదట 1¾ ÷ ½కి రాసిన కథను మళ్ళీ చదవండి. అది నిజంగా అడుగుతున్నది 1¾ ÷ ½నా, 1¾ ÷ 2నా, 1¾ × ½నా?

(ఈ) నేను తిరగరాసిన ప్రశ్నలోనూ సముద్రం తెలిసినవారు ఒప్పుకోని మాట కనీసం ఒకటి ఉంది. అది ఏదో గుర్తించి, ఎందుకు ఒప్పుకోరో అరపేజీలో రాయండి. మీ ఊళ్ళో పడవ నడిపేవారు ఎవరైనా ఉంటే, రాసే ముందు వాళ్ళను అడగండి.